పడతానన్న మాట

మా అమ్మమ్మ కత్తి ఎత్తిందంటే భూమ్మీదున్న సైన్యాలన్నీ బూట్లు విప్పేసి, ఇళ్ళకి పోయి తలుపులు గడియ పెట్టుకుంటాయి. సముద్రం రెండడుగులు వెనక్కి జరిగి, "ముందు మీరు వెళ్ళండమ్మా" అంటుంది. నమ్మకపోతే మీ ఇష్టం. ఆవిడ కత్తి ఎత్తింది జీవితంలో ఒక్కసారే, అదీ నా మీదకే. బతికి బయటపడ్డదాన్ని కాబట్టి నేనెంత గొప్పలు చెప్పినా చెల్లుతుంది.

ఇంతకీ మాది యుద్ధాలు చేసిన వంశమేం కాదు. సానపట్టే ఇల్లు. మా తాతయ్య చిన్న వయసులోనే పోతూ అమ్మమ్మకి వదిలివెళ్ళింది ఒక సానచక్రం, కాలితో తొక్కి దాన్ని తిప్పే చెక్క, చక్రం మీద బొట్టుబొట్టుగా నీళ్ళు కార్చే తుప్పు డబ్బా. వాటితోపాటు మా అమ్మ కూడా. అప్పటికింకా పాకుతోంది.

దుకాణం ఒక మేడ కింద గది. ముందు షట్టరు, వెనక గోడ, కిటికీ లేదు. చక్రం పక్కన పొడవాటి బల్ల, దాని మీద దర్జీ కత్తెరలు, మంగలి కత్తులు, మాంసం కొట్టు కత్తులు, ఇళ్ళల్లో కూరలు తరిగే చాకులు. మధ్యాహ్నం కాసేపు ఎండ బల్ల అంచుదాకా వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి వెళ్ళిపోయేది. చాకు పదును అమ్మమ్మ గోటి మీద చూస్తుంది. కత్తెర పదును తడిగుడ్డ మీద చూస్తుంది. దర్జీ కత్తెరనైతే చెవి దగ్గర పెట్టుకుని తెరిచి మూస్తూ వింటుంది. "ఇంకా సణుగుతోంది" అని మళ్ళీ చక్రానికి ఆనిస్తుంది. మనుషులు సణిగితే మాత్రం అంత ఓపిగ్గా వినదు.

ఆ దుకాణంలో 'సాన' అనే మాట ఎవరూ వాడరు. సాన కోసం కాకపోతే అక్కడికి వచ్చేదెవరు? వచ్చినవాళ్ళు కత్తి చూపించి "ఇది పడతావా?" అంటారు. "పడతాను, సాయంత్రం రా" అంటుంది ఆవిడ. పొద్దుట్నుంచి సాయంత్రందాకా అదే మాట. ఆవలిస్తూ అనేది, లెక్క చూసుకుంటూ అనేది, పాకే పిల్లని కాలితో ఆపుతూ అనేది. ఆ మాటే ఒకరోజు మెడకి చుట్టుకుంది.

పై గదిలో ఒక ముసలాయన అద్దెకుండేవాడు. ఎప్పుడో ఏదో కోటకి కాపలా కాశాడట. అందరూ కావలి బాబాయి అనేవాళ్ళు. ఎప్పుడూ నోరు విప్పి ఎరగడు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం, దుప్పటిలో చుట్టిన పొడవాటి వస్తువొకటి రెండు చేతులమీదా మోసుకుంటూ, ఎవడో పాత అధికారిని నోటికొచ్చినట్టు తిడుతూ మెట్లు దిగాడు. ఆ తిట్లకి ఎదురుమేడలో కిటికీలు మూసుకున్నాయట. సరాసరి దుకాణంలోకి వచ్చి, ఆఖరి తిట్టు తిట్టి, ఆ మూట బల్ల మీద దించాడు. బల్ల కిర్రుమంది.

"అమ్మాయీ, దీన్ని పడతావా?"

"పడతాను బాబాయ్. అలా ఉంచు."

"మాటేనా?"

"మాట కాక మరేంటి? నేనెప్పుడైనా పట్టకుండా తిప్పి పంపానా?"

ఆయన మొహం విప్పారిందట. మూట మీద చెయ్యేసి ఒకసారి నిమిరి, గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూలబడి, గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. తిట్టి తిట్టి అలిసిపోయాడు పాపం, కాస్త కునుకు తియ్యనీ అనుకుంది అమ్మమ్మ. చేతిలో ఉన్న కత్తెర పని పూర్తిచేస్తోంది.

"వీరా! పగవాడెక్కడ?" అని వినిపించింది.

"లేచావా బాబాయ్?" అంది, తల తిప్పకుండానే.

"ఆయన లేవడు. మాట్లాడేది నేను."

తల తిప్పి చూసేసరికి బాబాయి ప్రాణం పోయి అప్పుడే కాసేపైంది. మాట దుప్పటిలోంచి వస్తోంది. అమ్మమ్మ మొదట మా అమ్మని చంకనేసుకుంది, తర్వాత అరిచింది. వరస అదేనని ఆవిడ ఇప్పటికీ గట్టిగా చెబుతుంది.

ఆ కత్తిని చేతబూనడాన్ని కూడా 'పట్టడం' అనే అంటారు. ఉన్నవాడు అడగాలి, రాబోయేవాడు పడతాననాలి. అంతే, పెళ్ళి జరిగిపోయినట్టే. అమ్మమ్మ సానకి ఒప్పుకుంది, కత్తి తననే ఏలుకుంటానందని అనుకుంది.

"నేను అన్నది పదును పెట్టడం గురించి!" అని వాదించిందట.

"నాకు పదునెందుకు? నేను మొద్దుబారను" అని కత్తి నొచ్చుకుందట.

అప్పట్నుంచి ఆవిడ దాన్ని దొరగారు అని పిలుస్తుంది, వెటకారంగా. అది ఆవిడని వీరా అని పిలుస్తుంది, నిజంగానే.

దొరగారితో వచ్చిన చిక్కు ఏంటంటే, ఆయన కదలరు. ఎవరినైనా నరకాలన్న కసితో పట్టినవాళ్ళు చెయ్యేస్తేనే లేస్తారు. లేదంటే కొండ. సంతలో మూటలు మోసే నలుగురొచ్చి ఊపి చూశారు. బల్ల కాళ్ళు నేలలోకి దిగాయి తప్ప కత్తి జరగలేదు. కావలి బాబాయి మెట్లు దిగుతూ అన్ని తిట్లు ఎందుకు తిట్టాడో అప్పుడర్థమైంది అమ్మమ్మకి. కోపం చల్లారితే మెట్ల మధ్యలో ఉండిపోతాడని.

ఆయన కదలరు సరే, ఈవిడ కదిలితే ఒప్పుకోరు. వీధి మలుపులో చెప్పుల కొట్టుంది. అది దాటితే అమ్మమ్మ కుడిచెయ్యి దానంతట అది పిడికిలి బిగుసుకుంటుంది. ఇంకా నడిస్తే నొప్పి మోచేతికి, భుజానికి, గుండెకి పాకుతుంది. నేను పుట్టానని కబురొచ్చినప్పుడు అమ్మమ్మ ఆస్పత్రికి బయల్దేరింది. పళ్ళు బిగబట్టుకుని దాని గేటుదాకా వెళ్ళి అక్కడ పడిపోయింది. ఎవరో తోపుడుబండి మీద వెనక్కి తెచ్చి దుకాణం ముందు దించారు. నన్ను ఎత్తుకుని అమ్మే వచ్చేదాకా చూడనేలేదు.

దీన్ని నేను ఎప్పుడు దెప్పినా ఒకటే జవాబు. "కోతిపిల్లలా ఉందని ముందే చెప్పారు. కోతిని చూడ్డానికి అంతదూరం ఎవరొస్తారే?"

పొద్దున్నే షట్టరు ఎత్తగానే దొరగారు అడుగుతారు, "వీరా! పగవాడెక్కడ?"

"ఇంకా నిద్ర లేవలేదు. నువ్వూ పడుకో."

మొదట్లో మాట్లాడే కత్తిని చూడ్డానికి జనం ఎగబడ్డారు. దొరగారు వాళ్ళకి ఏదో వంతెన మీద జరిగిన యుద్ధం చెప్పారు. మర్నాడు వచ్చినవాళ్ళకీ అదే వంతెన. ఆ మర్నాడూ అదే. కొన్నాళ్ళకి జనం కత్తెరలిచ్చి దూరంగా నిలబడ్డం మొదలెట్టారు, ఎక్కడ వంతెన ఎక్కిస్తాడోనని.

"ఎవరికైనా అంటగట్టి వదిలించుకోవచ్చుగా?" అని మా అమ్మ చిన్నప్పట్నుంచీ పోరేదట. కావాలన్నవాళ్ళు లేకపోలేదు. వ్యాయామశాల నడిపే కండలాయన ఒకడు రోజూ వచ్చి, "నన్నడుగు పెద్దమ్మా, నేను పడతాను" అని బతిమాలేవాడు. "నీకెందుకురా?" అంది ఒకరోజు. "మా తమ్ముడు ఇంటి వాటా వదలనంటున్నాడు. ఊరికే చూపించి భయపెడదామని" అన్నాడు. అమ్మమ్మ అతని చేతిలో ఉల్లిపాయలు కోసే చాకు పెట్టి పంపేసింది. ఇంకోసారి, పక్కవీధిలో పాటలు నేర్పే పెద్దాయన వచ్చి, "మీరు చాలా కష్టపడ్డారు, నాకు ఊళ్ళు తిరిగే పని లేదు, నేను పడతాను" అన్నాడు. ఆయన వేళ్ళకేసి చూసింది అమ్మమ్మ. ఆ వేళ్ళు బిగుసుకుపోతే మళ్ళీ వాయిద్యం ముట్టుకోగలడా? "మీ కత్తెర రేపటికి అవుతుంది" అని మాట మార్చేసింది.

"సరదాపడేవాడి చేతికి ఇవ్వకూడదు. సరదా లేనివాడికి అంటగట్టకూడదు. ఇక ఎవరికిస్తానే?" అంటుంది.

గడియ పెట్టిందీ తనే, తాళంచెవి మింగిందీ తనే అన్నమాట.

కావలి బాబాయి మోసం చేశాడని అమ్మమ్మ చాన్నాళ్ళు కుతకుతలాడింది. ఆ సంగతి విప్పింది దొరగారే. ఒక వానరోజు గిరాకీ లేక ఇద్దరూ ఊరికే కూర్చుని ఉండగా, "మీ బాబాయి కావాలనే మీ కొట్టుకి వచ్చాడు" అన్నారట. "తన గదికి వచ్చినవాళ్ళందరినీ గుట్టుగా అడిగి చూశాడు. ఎవరూ పడతాననలేదు. ఆలోచించకుండా పడతాననే మనిషి ఊళ్ళో ఒక్కతే ఉందని అప్పుడు తట్టింది."

"నీకంత తొందరేం వచ్చింది? పట్టినవాడు పోతే పోతాడు. నువ్వు ఇనుమువేగా, నీకేం?"

దొరగారు అసలు సంగతి చెప్పారు. పట్టినవాడి కళ్ళతోనే తను చూస్తాడట, వాడి చెవులతోనే వింటాడట. వాడు ఎవరినీ అడక్కుండా పోతే చూపూ ఉండదు, చప్పుడూ ఉండదు. నిద్ర మాత్రం రాదు. ఇనుములో మెలకువగా పడుండాలి. ఒకసారి అలాగే జరిగింది. ఎంతకాలమో తెలీదు, చెప్పేవాళ్ళెవరు? చేసిన యుద్ధాలన్నీ తలుచుకున్నాడు. అవి ఇట్టే అయిపోయాయి. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ. చివరికి అన్నీ అరిగిపోయి వంతెనొక్కటి మిగిలింది.

"మీ బాబాయికి ఆ సంగతి చెప్పాను. పోయేముందు ఆయన నా కోసం దిగొచ్చాడు."

అమ్మమ్మ బాబాయిని తిట్టడం ఆరోజు మానేసింది. కానీ ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పేసింది. "నా తర్వాత ఎవరినీ అడగను దొరా. ముందే చెబుతున్నాను. నాకు జరిగింది ఇంకొకరికి చెయ్యను."

ఆ తర్వాత కొన్ని రోజులపాటు పొద్దున్నే పగవాడి ఆచూకీ ఎవరూ అడగలేదు.

ఇక నా గురించి. ఎక్కువేం లేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల పంతులూ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం. పార్శిళ్ళు చేరవేసే వ్యాను నడుపుతాను. ఊరంతా తిరిగొచ్చి, అమ్మమ్మ స్టూలు పక్కన కూలబడి, ఎక్కడేం చూశానో చెప్పి ఊరించడం నా అలవాటు. నది మీద కొత్త వంతెన కట్టారంటే ఆవిడకంటే ముందు దొరగారు ఉలిక్కిపడేవారు.

అలా సాగుతుండగా మేడ యజమాని వచ్చాడు. కారే కప్పు బాగుచెయ్యమన్నా, విరిగిన మెట్టు వెయ్యమన్నా 'రేపు' అంటాడు గనక వీధంతా ఆయన్ని రేపాయన అంటారు. ఆ వరస మేడలన్నీ కొనేసి అక్కడేదో పెద్ద బజారు కడతారట. అందరూ సంతకాలు పెట్టేశారు. "వారంలో ఖాళీ చెయ్యాలమ్మా" అన్నాడు.

"రేపు చేస్తానులే" అంది అమ్మమ్మ.

జోకు పేలింది గానీ, ఎవరం నవ్వలేదు. మేడ కూలితే దొరగారు ఆ రాళ్ళకింద ఉండిపోతారు. ఆయన మీద బజారు లేస్తుంది. చుట్టూ గోడ కడతారు. అమ్మమ్మ చెప్పుల కొట్టు దాటలేదు. దాటకుండా తలదాచుకోవడానికి ఆ వరసలో ఒక్క గది మిగలదు. రోడ్డు మీద ఎండకీ వానకీ నిలబడి ఉండాలి, చచ్చేదాకా.

ఉన్న దారి ఒక్కటే. అమ్మమ్మకి నరికేటంత కోపం రావాలి. దొరగారు లేవాలి. లేచినప్పుడే వ్యానెక్కించి మా ఇంటికి తీసుకుపోవాలి. కింద గది ఖాళీ చేసి పెట్టాను. కోపం తెప్పించే పనికి ఇంట్లో నన్ను మించిన మనిషి లేదు. అమ్మ కూడా ఒప్పుకుంది. "దాని పుట్టుకే అందుకు" అంది.

మొదలెట్టాను.

"అమ్మమ్మా, బజారు చివర కరెంటు మిషను పెట్టుకున్నవాడు నీకంటే బాగా పడతాడట."

"పట్టనీ. కరెంటు పోయినప్పుడు ఇక్కడికే వస్తాడు."

"నువ్వు పట్టిన కత్తెరతో కత్తిరించుకుంటే జుట్టే కత్తెరని కోసిందట."

"ఎవరి జుట్టు? నీదా? అయితే కోస్తుంది. తల దువ్వి ఎన్నాళ్ళైంది?"

ఇలా కాదని, ఆవిడ అప్పుడే చెవి దగ్గర పెట్టి విని పక్కన పెట్టిన దర్జీ కత్తెర తీసుకుని ఆవిడ ఎదుటే రేకు డబ్బా కత్తిరించాను. ఆ చప్పుడికి ఆవిడ ఒళ్ళు జలదరించింది. "ఒసేయ్ పాపిష్టిదానా!" అని లేచి పిడి పట్టుకుంది. కత్తి మొన ఒక వేలెత్తు లేచింది. ఆవిడ నా మొహంలోకి చూసింది. మొన టపీమని పడింది.

"వీరా, ఇది కోపం కాదు. గారాబం. గారాబానికి నేను లేవను" అన్నారు దొరగారు.

వారం గడిచిపోయింది. పై అంతస్తు మీద పనివాళ్ళు ఎక్కారు. సమ్మెట పడ్డప్పుడల్లా సున్నం రాలి నీళ్ళ డబ్బాలో పడుతోంది. చుట్టుపక్కల గదులన్నీ ఖాళీ, తలుపులు కూడా ఊడదీసుకుపోయారు. రేపాయన షట్టరు దగ్గరికి వచ్చి, లోపలికి చూడలేక చెప్పులకేసి చూస్తూ, "సాయంత్రానికి కిందదీ కొట్టేస్తారమ్మా" అన్నాడు. ఆయన జీవితంలో ఒక పనిని ఇవాళ అనడం అదే మొదలు.

అమ్మమ్మ చక్రం తొక్కుతూనే ఉంది. చేతిలో కత్తెర కూడా లేదు. ఊరికే తొక్కుతోంది.

నేను స్టూలు పక్కన గొంతుక్కూర్చున్నాను. ఇక వేళాకోళం చెయ్యాలనిపించలేదు.

"అమ్మమ్మా, నన్నడుగు."

"ఏమడగాలి?"

"బాబాయి నిన్నేం అడిగాడో అది. నాకు చేతులు గట్టిగానే ఉన్నాయి. ఆ పక్క వీధుల్లో ఎక్కడో నేనే ఉంటాను. నువ్వెళ్ళి ఊరు చూసిరా. అడుగు. పడతాను."

చక్రం ఆగిపోయింది.

"మళ్ళీ అను."

"పడతాను."

అమ్మమ్మ లేచి నిలబడింది. ఆ మొహం నేనెప్పుడూ చూళ్ళేదు. తెల్లగా పాలిపోయింది. "నీకు మాటలొచ్చిన కొత్తలో, గిరాకీలందరినీ కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను తెలుసా? పిల్ల ముందు ఆ మాట అనకండి, నేర్చుకుంటుందని. నీ అమ్మ ముందు మింగాను, నీ ముందు మింగాను. ఇంతమంది ముందు నేను మింగిన మాటని తీసుకొచ్చి నా మొహాన ఉమ్ముతావా? నా తర్వాత నిన్ను కూర్చోబెట్టడానికా నేనిక్కడ కుళ్ళింది? ఈ కొట్లో నువ్వు చావడం కంటే నా చేతుల్లోనే..."

"వీరా!" అని దొరగారు కేక వేశారు. ఆ గొంతులో అంత సంతోషం ఎప్పుడూ వినలేదు. "వస్తున్నాను!"

ఆవిడ పిడి అందుకోగానే కత్తి చీపురుకట్టంత తేలిగ్గా లేచింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అది లేవాలన్న ఉపాయం నాదే అయినా, లేచినప్పుడు నాకు వేసిన భయం నాటకం కాదు. ఆవిడ కళ్ళల్లో నేను లేను. పారిపోయాను. షట్టరు కింద నుంచి దూరి, ఇటుకల గుట్ట ఎక్కి దిగి, రేపాయన్ని పక్కకి తోసి, తెరిచిపెట్టిన వ్యానులో వెనక నుంచి ఎక్కి, మధ్యనున్న జాలీ తలుపులోంచి డ్రైవరు సీట్లోకి దూకి జాలీ గడియ వేశాను. అమ్మమ్మ వెనకే కత్తెత్తుకుని ఎక్కింది. ఆ వయసులో ఆ ఎక్కుడేంటో! పనివాళ్ళు సమ్మెటలు వదిలేసి చూస్తున్నారు. బండి కదిలించాను.

"ఆపవే బండి! నిన్ను..."

"పడతాను, పడతాను, పడతాను!" అని అరుస్తూ పోనిచ్చాను. అరవకపోతే ఎలా? ఆవిడ కోపం కాస్త తగ్గితే చాలు, వ్యాను వెనకభాగం కుంగి ముందు చక్రాలు గాల్లోకి లేచేవి. నేను "పడతాను" అంటే మళ్ళీ దిగేవి. ఊరి జనం ఎంతమంది చూశారో, కప్పలా ఎగురుతూ పోతున్న పార్శిలు బండిని. చెప్పుల కొట్టు దాటాం. ఆవిడ పిడికిలి బిగుసుకోలేదు. కత్తి తనతోనే ఉందిగా. ఇంకొంచెం, నది దాటితే ఇల్లు.

బస్టాండు ప్రహరీ పక్కన, లోపల్నుంచి బయటికి తిరుగుతున్న బస్సుకి దారివ్వడానికి వ్యాను అంచుకి తీసి ఆపాల్సొచ్చింది. పక్కన జనం బారులు తీరి నిలబడున్నారు. ప్రతివాడూ తల వంచుకుని చేతిలో ఫోను చూసుకుంటున్నాడు. నేను అరవడానికి నోరు తెరిచేలోపు వెనక నుంచి అమ్మమ్మ గొంతు, మామూలు గొంతు.

"ఏమే, వీళ్ళందరికీ మెడలు పట్టేశాయేంటే?"

నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆవిడ కూడా ఫక్కుమంది.

దభీమని ఒక చప్పుడు. టైర్లు నాలుగూ పేలాయి. వ్యాను నేలకి అంటుకుపోయింది.

అంతే సంగతులు. ఇప్పుడు మా అమ్మమ్మ దుకాణం నా వ్యానులో, బస్టాండు గోడ పక్కన. లాగే బండ్లొచ్చి గొలుసులు తెంపుకుని పోయాయి. అధికారులు కాగితాలు అంటించారు, వాన వాటిని చింపింది. సానచక్రం తెచ్చి వెనక అమర్చాను. పళ్ళమ్మేవాళ్ళు చాకులు తెస్తారు. నేను ఇంకొకరి బండి నడుపుతున్నాను. నా బండి విషయం తలుచుకున్నప్పుడల్లా తల వాలేసుకుంటాను. "మెడ పట్టేసిందా?" అంటుంది ఆవిడ.

కోపం మళ్ళీ తెప్పిద్దామని చూడకపోలేదు. రెండోసారి ఆ మాటకి ఆవిడ మండిపడలేదు. "ఆ ఎత్తు నాకు తెలిసిపోయిందిలే" అంది. తెలిసిన ఎత్తుకి నరికేంత కోపం రాదు.

పాత గదికి కిటికీ లేదు, దీనికి వెనక తలుపు మొత్తం ఆకాశమే. మేలే కదా అనుకున్నాను. కానీ ఒకరోజు దూరం నుంచి చూశాను. కండక్టర్లు ఊళ్ళ పేర్లు గట్టిగా పిలుస్తుంటే అమ్మమ్మ చక్రం ఆపి ఒక్కో పేరూ పెదాలతో అనుకుంటోంది. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, మళ్ళీ చక్రం తొక్కుతోంది. ఇంకో బస్సు, మళ్ళీ అంతే. చెప్పుల కొట్టు బదులు ఇప్పుడు టిక్కెట్ల కిటికీ దగ్గర పిడికిలి బిగుసుకుంటుంది. అది దాటి ఒక్క బస్సూ ఎక్కలేదు.

ఈమధ్య దగ్గు ఎక్కువైంది ఆవిడకి. ఒక మధ్యాహ్నం, నేను అక్కడుండగానే దొరగారు అడిగారు. "వీరా, ఇక ఎన్నాళ్ళు?"

"నాకేం తెలుసు? నీకు భయమేస్తోందా?"

"వేస్తోంది."

"నేను అడగనని చెప్పాను కదా."

"చెప్పావు. అడగమనడం లేదు. భయం వేస్తోందని చెబుతున్నాను, అంతే."

అమ్మమ్మ నీళ్ళ డబ్బా నింపి చక్రం మీద అమర్చింది. తర్వాత చాకు ఒకటి తీసి, "ఇలా చూడు" అంది. చక్రానికి ఏ వాలున ఆనించాలో, అంచున మిగిలే సన్నటి పొరని తోలుపట్టీ మీద ఎలా తియ్యాలో చెప్పింది. అది అయ్యాక వీధిలో దర్జీ భార్య, మంగలి చెల్లెలు నీళ్ళ దగ్గర పోట్లాడుకున్న కథ చెప్పింది, ఇద్దరి గొంతులూ మార్చి. దొరగారు నవ్వగా వినడం నాకదే మొదటిసారి. గరగరమని, తుప్పు రాలినట్టు.

అప్పట్నుంచి రోజూ అదే పని. చీకట్లో తలుచుకోడానికి వంతెనొక్కటే ఉంటే ఎలా? సరుకు నింపాలి. చాకు తెచ్చినవాళ్ళందరినీ, "కూర్చో, నీ కథేదైనా చెప్పి పో" అంటుంది. బస్సు తప్పిపోయినవాళ్ళు బాగా చెబుతారు. ఒకాయన తను పెంచిన గాడిద గురించి చెప్పినరోజు దొరగారు అది మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఎంత నింపినా చాలదని అమ్మమ్మకి తెలుసు. నాకూ తెలుసు. దొరగారికి అందరికంటే బాగా తెలుసు. ఆ మాట ఎవరం అనం.

నా వంతుగా నేనూ ఏదైనా ఇవ్వాలనిపించింది. నాకు తెలిసిన కథ ఒక్కటే. కూడబలుక్కుని ఇదంతా రాసుకెళ్ళి, వ్యానులో కూర్చుని చదివి వినిపించాను. సైన్యాల దగ్గర దొరగారు గరగరమన్నారు. నేను పారిపోయిన చోట, "అందేదే, కొంచెంలో తప్పింది" అన్నారు. అయిపోయాక నేను అమ్మమ్మకేసి చూశాను, ఒక్క మంచిమాట అంటుందేమోనని.

"మొత్తం నా గురించే రాశావేంటే?" అంది. "నేను పోయాక వాడు చీకట్లో కూర్చుని నన్నే తలుచుకుని ఏడవాలా? అవతల పారేసి, గాడిద లాంటిది ఏదైనా రాసుకురా, పో."